తాడు కోసే సీను

చియతూరాలో తీగల మీద వేలాడే ఇనుప డబ్బాలు
పొద్దుగుంకేసరికి నడిమధ్య ఆగిపోయి ఉంటాయి.
కింద ఏరు, గని కడిగిన నీళ్లతో, నల్లగా.

నా పని లెక్కలు చూడటం.
ఏ చేతికి నెత్తురు పూశారు,
కొవ్వొత్తి ఎంతదాకా కాలింది,
తొమ్మిది తలల రాకాసికి నిన్న తెగిందేది,
ఇవాళ మాట్లాడాల్సిందేది.
కథలో లెక్క తప్పితే జనం ఊరుకుంటారు.
రబ్బరు తల లెక్క తప్పితే ఊరుకోరు.

కథ ఎట్లా నడవాలో తారియేల్‌కి కంఠతా వచ్చు.
అన్నదమ్ములు ముగ్గురే ఉండాలి:
పెద్దవాడు పిరికి, నడిపివాడు ఆశపోతు,
చిన్నవాడికి చిరుగుల చొక్కా.
మూడో తలుపు తెరవొద్దనాలి,
వద్దన్నాక తెరవకపోతే సినిమానే లేదు.
పాతాళంలో వడ్డించిన బల్ల మీద
ఒక్క దానిమ్మ గింజైనా ముట్టకూడదు.
అడవిలో దాహమన్న ముసలమ్మ ఎవరో
చివరిదాకా చెప్పకూడదు.
ఇది చీకటి కథ, అంటాడు సిగరెట్ నలుపుతూ,
పిల్లవాడు చచ్చినా చావొచ్చు,
వెన్నెల మాత్రం మొహం మీద పడాలి.

"ఉండేదట, ఏమీ ఉండేది కాదట" అని మొదలు.
మా అమ్మమ్మా కుతైసిలో చిక్కుళ్లు ఒలుస్తూ
అట్లాగే ఎత్తుకునేది.
ఆ రెండో ముక్క ఎందుకే అంటే
పడుకో, అనేది.

ఇవాళ తాడు కోసే సీను.
చిన్నవాడు బావిలోకి దిగుతాడు,
రాకాసిని చంపి పిల్లను పైకి పంపుతాడు,
పైనున్న అన్నలు తాడు కోసేస్తారు.
కొయ్యాల్సిందే.
కొయ్యకపోతే గద్ద రాదు,
గద్ద రాకపోతే, దారిలో మాంసం చాలక
వాడు తన తొడ కండ కోసిపెట్టే ఘట్టం రాదు.
ఆ ఘట్టం కోసమే ఎవరో డబ్బు పెట్టారు.

బావికి సెట్ వెయ్యలేదు. మూసేసిన గని ఉంది, చవక.
తాడు పట్టడానికి ఊరివాళ్లే దొరికారు, మరీ చవక.
వాళ్లలో జుంబేర్ ఒకడు,
భూమి కింద ముప్పయ్యేళ్లు చేసినవాడు.

మొదటి టేక్. కత్తి ఆడింది, తాడు తెగింది.
తెగిన కొస జారబోయి ఆగింది.
జుంబేర్ వదల్లేదు.
వదలాలి తాతా, అన్నారు. సరే, అన్నాడు.
రెండో టేక్. కొత్త తాడు. వదల్లేదు.
మూడోది. కథ ప్రకారం మూడోసారి జరిగితీరాలి.
మడమలు రాళ్లలో గుచ్చి వెనక్కి వాలి
ఉన్న ఒక్క కంటితో బావినే చూస్తున్నాడు.

కింద వేలాడేది ఇసక మూట.
కుర్ర హీరో వ్యాన్‌లో కూచుని
జున్ను రొట్టె తింటున్నాడు.
ఆ సంగతి జుంబేర్‌కీ తెలుసు.

టీ పోసే సియాలా నా పక్కన నిలబడింది.
"కరెంటు లేని ఏడు. లిఫ్టు మధ్యలో ఆగింది.
తాళ్లేసి లాగారు. ఇద్దరొచ్చారు."
"మూడోవాడు?"
"చక్కెర ఎన్ని చెంచాలు?" అంది.

పదిహేడు టేకులు.
పద్దెనిమిదోసారి తారియేల్ ఏమీ అనకుండా
తిబిలిసి నుంచి వచ్చిన కుర్రాడి చేతులకు మసి పూయించి
దగ్గరగా తీశాడు.
ఆ చేతులు చక్కగా వదిలాయి.

చలికాలంలో సినిమా ఆడింది.
తాడు తెగింది, గద్ద వచ్చింది,
నా వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.
"తెగులు అక్కడ, విందు ఇక్కడ;
తవుడు అక్కడ, పిండి ఇక్కడ"
అని ముగించారు, పద్ధతి ప్రకారం.

కాని దూరం నుంచి తీసిన షాట్ ఒకటి ఉంది.
ఎడమ అంచున, తాడు తెగిపోయాక కూడా,
ఒక మనిషి వెనక్కి వాలి
దేన్నో పట్టుకునే ఉంటాడు.
ఎడిటింగ్ బల్ల దగ్గరే చూశాను.
చెప్పడమే నా ఉద్యోగం.
పుస్తకంలో ఆ షాట్ నంబరు రాసి
ఎదురుగా, అంతా సరిపోయింది, అని రాశాను.